డీహైడ్రోజినేజ్ పేరుతో తిరుగుతున్న మట్టి మందు: ఎక్కడెక్కడ తప్పు

మెకానిక్ షెడ్ల దగ్గర డీజిల్ ఇంకిన మట్టికి మందంటూ ఒక సందేశం చక్కర్లు కొడుతోంది: "డీహైడ్రోజినేజ్ ఎంజైమ్ పొడి నీళ్లలో కలిపి చల్లండి. బెంజీన్ వలయాలను పగలగొడుతుంది. 24 గంటల్లో మట్టి శుభ్రం. పరీక్షలో ఎర్ర రంగు వస్తే పని అయినట్టే."

"వలయాలను పగలగొడుతుంది" అన్నది తలకిందుల మాట. డీజిల్‌లోనూ ఉండే, కలరా ఉండల్లో వాడే నాఫ్తలీన్‌నే (రెండు బెంజీన్ వలయాలు అతుక్కున్న పదార్థం) చూడండి. సూడోమొనాస్ పుటిడా అనే మట్టి బాక్టీరియాలో మొదట ఒక డయాక్సిజనేజ్ (ఆక్సిజన్ తగిలించే ఎంజైమ్), ఒక ఎన్ఏడీహెచ్ (కణంలో హైడ్రోజన్‌ను మోసే అణువు) ఖర్చుపెట్టి, రెండు ఆక్సిజన్ పరమాణువులను వలయానికి తగిలిస్తుంది. దాంతో ఆ వలయానికున్న ఆరోమాటిక్ గుణం (బెంజీన్ వలయానికి ఉండే ప్రత్యేక స్థిరత్వం) పోతుంది. తర్వాత వచ్చే డీహైడ్రోజినేజ్ రెండు హైడ్రోజన్లు లాగేసి ఆ గుణాన్ని మళ్లీ తెచ్చిపెడుతుంది, ఖర్చయిన ఎన్ఏడీహెచ్‌నూ తిరిగిస్తుంది. వలయాన్ని చీల్చేది ఆ తర్వాతి మరో డయాక్సిజనేజ్. అది పనిచేయకపోతే పోగుపడ్డ 1,2-డైహైడ్రాక్సీనాఫ్తలీన్ గాలి తగిలి 1,2-నాఫ్తోక్వినోన్ అవుతుంది. అది ఆ బాక్టీరియాకే విషం.

"పొడి చల్లితే చాలు" అట. ఈ ఎంజైముకు ఎన్ఏడీ ప్లస్ (హైడ్రోజన్ అందుకుని ఎన్ఏడీహెచ్ అయ్యే అణువు) పక్కనే ఉండాలి. అది కణం లోపలి సరుకు, మట్టిలో నిల్వ ఉండదు. టెరీ అనే పరిశోధన సంస్థ నూనె కాలుష్యం పోగొట్టడానికి తయారుచేసిన ఆయిల్‌జాపర్ కూడా బతికున్న బాక్టీరియానే, ఎంజైమ్ పొడి కాదు.

24 గంటల మాటకొస్తే, కిలో నాఫ్తలీన్ పూర్తిగా కార్బన్ డయాక్సైడ్, నీరు కావాలంటే 3 కిలోల ఆక్సిజన్ కావాలి. మట్టిని తిరగేస్తూ, తేమ నిలుపుతూ, నత్రజని, భాస్వరం అందిస్తూ ఉంటే వారాలు, నెలలు పట్టే పని ఇది.

ఎర్ర రంగు సంగతి అన్నిటికన్నా మోసం. ఆ పరీక్షలో 6 గ్రాముల మట్టికి టీటీసీ (సూక్ష్మజీవుల శ్వాసక్రియతో ఎర్రబడే రంగులేని రసాయనం) ద్రావణం కలిపి, 37 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి (సందేశంలోని 24 గంటలు ఇక్కడి నుంచే జారిపడ్డాయేమో), మిథనాల్‌తో రంగు లాగి 485 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. ఆ ఎరుపు, టీటీసీ మారి ఏర్పడే ఫార్మజాన్‌ది. మట్టిలోని సూక్ష్మజీవులన్నిటి శ్వాసక్రియ లెక్క అది. ఏ ఒక్క ఎంజైముదీ కాదు, నాఫ్తలీన్‌ది అసలే కాదు. బెల్లం నీళ్లు పోసినా ఎరుపు పెరుగుతుంది. రాగి ఎక్కువున్న మట్టిలో జీవం ఉన్నా రీడింగ్ తక్కువొస్తుంది.

తేల్చుకోవాలంటే మూడు కుండీలు పెట్టండి: పొడి వేసినది, వేయనిది, ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరిలో ఉడికించి) సూక్ష్మజీవులను చంపిన మట్టిది. మూడింటికీ నాఫ్తలీన్ కలపండి; చంపిన మట్టికి మాత్రం ఆటోక్లేవ్ అయ్యాకే కలపాలి, ముందే కలిపితే ఆవిరితో లేచిపోతుంది. వాసన తగ్గిందా అని కాకుండా, మొదటి రోజూ చివరి రోజూ గ్యాస్ క్రొమటోగ్రఫీతో (ల్యాబ్‌లో రసాయనాలను విడదీసి కొలిచే పద్ధతి) కొలవండి. చంపిన మట్టిలోనూ అంతే తగ్గితే, నాఫ్తలీన్ విరగలేదు, గాలిలో కలిసిపోయింది.