ఎండలో ఐస్ హాకీ

హాకీని ఎవరూ పట్టించుకోవడం లేదని ఇకమీదట ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మొన్న ఒక రాష్ట్రస్థాయి బాలికల టోర్నమెంటు ఫైనల్ యూట్యూబ్ లైవ్‌లో చూశాను. మన నిర్వాహకులు ఒకే మ్యాచ్‌లో రెండు క్రీడలకు సేవ చేశారు. మైదానంలో మామూలు హాకీ, స్కోర్‌బోర్డు మీద ఐస్ హాకీ.

'హాకీ స్కోర్‌బోర్డు ఫ్రీ' అని వెతికి, ముందు ఏది వస్తే అది దించుకున్నట్టున్నారు. బోర్డు మూల నల్లటి పక్ బొమ్మ (ఐస్ హాకీలో బంతికి బదులు కొట్టే బిళ్ల), చుట్టూ మంచు తునకలు. బయట 40 డిగ్రీల ఎండలో పిల్లలు చెమటలు కక్కుతుంటే తెర మీద మంచు రాలుతోంది. జట్ల పేర్లు 'హోమ్', 'అవే'. రెండు జిల్లాల పేర్లు టైపు చేయడానికి మనిషి దొరకలేదు పాపం.

ఐస్ హాకీకి 20 నిమిషాల పీరియడ్లు 3. మన హాకీకి 15 నిమిషాల క్వార్టర్లు 4. ఈ లెక్క టెంప్లేటుకు ఎవరూ చెప్పలేదు. అందుకని ప్రతి క్వార్టరూ గడియారంలో ఇంకా 5 నిమిషాలు మిగిలుండగానే అయిపోయింది. మూడు అయ్యాక దానికి నాలుగోది తెలియదు కదా, 'ఓటీ' అని వేసి తనకు తెలిసిన ఓవర్‌టైమ్ 5 నిమిషాలూ లెక్కపెట్టి, సున్నాకు వచ్చాక కూడా ఎవరూ ఆపకపోయేసరికి మైనస్‌లోకి దిగిపోయింది. కామెంటేటర్ తెరను నమ్మిన అమాయకుడు. "అదనపు సమయంలోకి వచ్చేశాం, ఉత్కంఠ!" అన్నాడు. ఇంతలో ఒకమ్మాయికి గ్రీన్ కార్డు, 2 నిమిషాలు బయట కూర్చోవాలి. వెంటనే బోర్డు మీద 'పవర్ ప్లే' అని వెలిగింది, ఐస్ హాకీలో అవతలి జట్టుకు మనిషి తక్కువైతే అనే మాట. లైవ్ చాట్‌లో ఒక పెద్దమనిషి, సర్కిల్ బయట ఎంతమంది ఫీల్డర్లు ఉండొచ్చని అడిగాడు. ఆయన్ని తప్పుపట్టలేం, గూగ్లీ ఎవరు వేస్తున్నారని అడగనందుకు సంతోషించాలి.

గెలుపు గోల్ మైనస్ 06:12 దగ్గర పడింది. కాలానికి అవతలి ఒడ్డున పడ్డ గోల్ అది.

పెనాల్టీ కార్నర్, అంటే తప్పు చేసిన జట్టు గోల్ మీద అవతలివాళ్లకు దొరికే ప్రత్యేక అవకాశం, ఇచ్చాక 40 సెకన్లు గడియారం ఆపాలి. టైమ్ ఆపమన్నప్పుడు అంపైర్ రెండు చేతులూ తల మీదికెత్తి మణికట్ల దగ్గర అడ్డంగా పెడతాడు, కళ్లున్నవాళ్లకి కనిపించే సైగే. మనవాళ్లు మాత్రం ఆయన టోర్నమెంటు అధ్యక్షులవారికి దండం పెడుతున్నాడని అనుకుని ఉంటారు, ఎందుకంటే ఆ అధ్యక్షులవారు కూడా తెరకు కుడివైపు కింద చేతులు జోడించి, ఖద్దరు చొక్కాలో, మ్యాచ్ మొత్తం నిలబడే ఉన్నారు. సరిగ్గా పెనాల్టీ కార్నర్ కొట్టే చోట. బంతి ఆయన నమస్కారం వెనకనుంచి పుట్టుకొచ్చేది. స్పాన్సర్ లోగోలు, ఫ్లెక్సీలు, బిరుదులతో సహా పేర్లు, అన్నీ నిక్కచ్చిగా ఉన్నాయి, ఒక్క దీర్ఘం కూడా తప్పిపోలేదు. గడియారం ఒక్కటే పెళ్లిపందిరికి కట్టిన సీరియల్ లైట్లలా, వెలుగుతుంటే చాలన్నట్టు ఉంది.

ఇక్కడిదాకా నవ్వుకున్నాను. ఆ తర్వాత కామెంటరీ మైకులోంచి వెనకాల మాటలు వినిపించాయి.

"అన్నా, టైమ్ తప్పు పడుతోందన్నా."

"పర్లేదులే తమ్ముడూ, చూసేది మనోళ్లే కదా."

మనోళ్లు కాబట్టి పర్లేదా? చూసేది ఎవరండీ? బస్సు చార్జీ పెట్టుకుని రాలేక, ఊళ్లో ఫోను పట్టుకుని కూర్చున్న, అక్కడ ఆడుతున్న పిల్ల తల్లి. కూతురు గెలిచిందో ఓడిందో, ఆట అయిందో లేదో తెలియక ఆ మైనస్ అంకెల వంక చూస్తూ కూర్చుంటుంది. ఆమెకు చూపించే ఆ ఒక్క బోర్డు మీద నిజం ఉండక్కర్లేదా?

హాకీలో గడియారమంటే ఏమిటో గుర్తుచేయాలా? టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీతో కాంస్యం మ్యాచ్, 5-4తో మనం ముందున్నాం, 6.8 సెకన్లు ఉండగా వాళ్లకు పెనాల్టీ కార్నర్, మన గోల్‌కీపర్ శ్రీజేష్ ఆపాడు, 41 ఏళ్ల తర్వాత పతకం. ఆ 6.8 కనిపించబట్టే కదా దేశమంతా ఊపిరి బిగబట్టింది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ సెమీస్‌లో ఆస్ట్రేలియాతో షూటౌట్, వాళ్ల మొదటి ప్రయత్నాన్ని మన గోల్‌కీపర్ సవిత ఆపేసింది. అయితే 8 సెకన్ల గడియారం మొదలవలేదట, మళ్లీ కొట్టించారు, రెండోసారి గోల్ అయింది. మనమ్మాయిలు షూటౌట్‌లో 3-0తో ఓడాక అంతర్జాతీయ సమాఖ్య క్షమాపణ చెప్పింది. రిజర్వ్ గోల్‌కీపర్‌గా ఆ జట్టులో ఉన్నది ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లిన రజని. అక్కడ ఒక్క మీట నొక్కడం మర్చిపోతే దేశం మండిపడింది. ఇక్కడ 60 నిమిషాలూ ఎవడూ మీట ముట్టుకోకపోతే "మనోళ్లే కదా".

పోనీ ఇదేమన్నా కోట్ల పనా? లైవ్ ప్రసారానికి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. క్వార్టర్ 15 నిమిషాలని మార్చడం, రెండు పేర్లు టైపు చేయడం, టెక్నికల్ టేబుల్ పక్కన ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టి అంపైర్ చేతులు చూసి ఆపు, నడుపు అనడం. అంతే. శాలువాల ఖర్చులో ఒక శాలువా తగ్గితే సరిపోతుంది.

వీడియో ఇంకా ఛానెల్లోనే ఉంది. గెలుపు గోల్ కొట్టిన అమ్మాయి ఎవరని కింద అడిగాను. మర్నాడు జవాబు వచ్చింది, '11 నంబర్ సార్' అని. రెండు జట్లలోనూ 11 ఉంది.