భయపెడితే భద్రమేనా?

ఒంగోలు బంధువుల గ్రూపు నుంచి, కావలిలో కలిసి చదువుకున్నవారి గ్రూపు నుంచి, చివరికి నెల్లూరులో మా అపార్టుమెంటు నీటి మోటారు గురించి మాట్లాడుకోవడానికి పెట్టుకున్న గ్రూపు నుంచి కూడా ఒకటే సందేశం వస్తోంది: ‘పిల్లల చేతిలో ఫోన్ ఉందా? ఈ ఐదు సూత్రాలు పాటించండి, పది మందికి పంపండి.’ పంపినవారిలో ఒక్కరైనా దాన్ని చివరిదాకా చదివి ఉంటే ఈ జవాబు అవసరమయ్యేది కాదు.

ఫోన్ కవరులో తులసి ఆకు పెడితే రేడియేషన్ పోతుందన్న మొదటి సూత్రాన్ని తులసికోట దగ్గరే వదిలేద్దాం.

పదో తరగతి అయ్యేదాకా ఫోన్ ముట్టనివ్వకూడదన్నది రెండోది. ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు 2022 డిసెంబరులోనే ట్యాబులు పంచిన రాష్ట్రం మనది. వయసును బట్టి హద్దు ఉండాలన్నది నిజమే. రెండేళ్లు నిండని పిల్లలకు తెర వద్దని, నాలుగేళ్ల వరకు రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. 13 ఏళ్లలోపు వారికి సొంతంగా నడుపుకునే ఖాతా లేదని వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ నిబంధనలే చెబుతున్నాయి. చంటిబిడ్డకూ తొమ్మిదో తరగతి పిల్లకూ ఒకే గీత గీస్తే నేర్పేదెప్పుడు?

చైల్డ్ లాక్ పెట్టి నిశ్చింతగా ఉండమంటుంది మూడోది. గూగుల్ ఫ్యామిలీ లింక్ వంటి తాళాలు ఏ యాప్ దించుకోవాలో, ఎంతసేపు వాడాలో కట్టడి చేస్తాయి. ఆన్‌లైన్ ఆటలో అవతలివాడు ఏమంటున్నాడో అవి వినవు.

నాకు ఒళ్లు మండించింది నాలుగోది: ‘ఏదైనా తప్పు జరిగితే ఫోన్ లాక్కుని వీపు పగలగొడతామని ముందే చెప్పి ఉంచండి. భయం ఉంటేనే దారిలో ఉంటారు.’ ఆ భయం ఎవరికి పనికొస్తుందో చూడండి. ఆటలోని చాట్‌లో ఎవడో ‘ఏ ఊరు తమ్ముడూ?’ అంటాడు. కావలి అనగానే ‘నాదీ కావలే, ఏ స్కూలు?’ అంటాడు. ఆటలో డబ్బు పెట్టి కొనుక్కునే డైమండ్లు ఊరికే ఇస్తానని వాట్సాప్ నంబరు తీసుకుంటాడు, కొన్నాళ్లకు ఒక ఫొటో అడుగుతాడు, అది చేతికి చిక్కాక ‘మీ నాన్నకు తెలిస్తే నిన్ను చంపేస్తాడు’ అని మొదలుపెడతాడు. ఆ మాట వాడు కొత్తగా కల్పించింది కాదు, మనం ఇంట్లో చెప్పి పెట్టిందే. వాడి పనిలో సగం మనమే చేసిపెట్టాం. ఇక జీతం అడగడమే తరువాయి.

పిల్లలకు ముందుగా చెప్పవలసింది, ఏం జరిగినా మాతో చెప్పు, తిట్టము, ఫోన్ లాక్కోము అన్న మాట. చెప్పిన రోజున దానిమీద నిలబడటం అంతకంటే ముఖ్యం. అప్పుడు చాట్ చెరిపేయకుండా సంభాషణను, నంబరును స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుని, డబ్బు పంపకుండా, వాడిని బ్లాక్ చేసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గాని, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గాని ఫోన్ చేయవచ్చు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం ఆ ఫొటో అడిగినవాడిది, బిడ్డది కాదు. సాక్ష్యం పేరుతో ఆ ఫొటోను బాబాయికీ మేనమామకూ పంపడం మాత్రం మరో నేరమవుతుంది. 18 ఏళ్లలోపు వారి చిత్రాలు వ్యాపించకుండా ఆపేందుకు 2023లో వచ్చిన ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవలో చిత్రం ఫోన్ దాటి పోదు. దాని గుర్తుగా తయారైన అంకెల వరుస మాత్రమే సామాజిక మాధ్యమాలకు చేరుతుంది.

ఇన్ని చెత్త మాటల మధ్య ఐదోది, ‘తాతయ్య ఫోన్ పిల్లలకు ఇవ్వకండి’ అన్నది, ఎవరు రాశారో గాని అక్షరాలా నిజం. మన ఫోన్లకు పెట్టిన తాళాలు ఊళ్లోని పెద్దవాళ్ల ఫోన్లకు ఉండవు. చాలా ఇళ్లలో యూపీఐ పిన్ కొట్టిపెట్టేదీ, ఓటీపీ చదివి వినిపించేదీ మనవడే. అయితే ధాన్యం డబ్బు ఖాతాలో పడిందో లేదో తాతకు చూసిపెట్టేది కూడా వాడే కాబట్టి, ఇవ్వవద్దంటే జరిగే పని కాదు. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కరలేదని, ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదని తాతనూ మనవడినీ కలిపి కూర్చోబెట్టి, ఆ ఫోన్‌లోనే చూపించాలి.