తాళం వేస్తే ఖర్చు ఆగుతుందా?
ఆదాయం తగ్గినప్పుడు నగరపాలక సంస్థ ముందుగా క్రీడా, వినోద కేంద్రాలను మూసివేయడమే తక్కువ నష్టమన్న వ్యాసకర్త వాదనతో ఏకీభవించలేను. తలుపులకు తాళం వేసినా భవనం కోసం తెచ్చిన అప్పు వాయిదాలు, బీమా, కాపలా ఖర్చు కొనసాగుతూనే ఉంటాయి. సభ్యత్వ రుసుముల రాబడి మాత్రం ఆగిపోతుంది. ఈత కొలను సంగతి మరీ ఘోరం: నీళ్లు తోడేసి వదిలేస్తే కింది భూగర్భజలాల ఒత్తిడికి అడుగుభాగం పైకి లేచి పగుళ్లివ్వవచ్చు, నడవని పంపులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి, తిరిగి తెరవాలనుకున్న నాడు ఆ మరమ్మతుల బిల్లే మిగిలిన సొమ్మును మింగేయవచ్చు. మోకాళ్ల నొప్పులకు నీటిలో వ్యాయామం చేసే మా అమ్మగారు, తాను వెళ్లే కేంద్రం మూతపడ్డాక ప్రైవేటు క్లబ్బు రుసుము భరించలేక ఆ అలవాటే మానుకున్నారు. పనివేళలు కుదించడం, ఖాళీ వేళల్లో హాలును అద్దెకివ్వడం వంటి మార్గాలను వ్యాసం ప్రస్తావించనే లేదు.