నల్లరేగడిలో పైల్ వేస్తే బరువుతో పాటు కుదుపునూ లెక్కేయాలి

ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడిలో ఇల్లు కట్టినవాళ్లకు ఆ నేల గుణం చెప్పక్కర్లేదు. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వాన పడితే ఉబ్బుతుంది, గోడలు బీటలేస్తాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్‌ఐ) ఇలాంటి నేలల కోసమే అండర్ రీమ్డ్ పైల్ పద్ధతిని తెచ్చింది. పైల్ అంటే పునాదిగా నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభం. పైల్ అడుగున దాని వ్యాసానికి రెండున్నర రెట్లుండే ఉబ్బెత్తు భాగం (బల్బు), ఎండావానలకు కదలని పొరలో పట్టుకుని ఉంటుంది. మంచి పద్ధతే. కాకపోతే మనం పైల్ బరువు మోస్తుందా లేదా అన్నదే చూస్తున్నాం, పక్కకు ఊగితే ఏమవుతుందో ఆలోచించడం లేదు.

"భూకంప ముప్పు పటంలో కర్నూలు అన్నిటికంటే తక్కువ ముప్పున్న జోన్ 2 కదా, మనకు భూకంపం టెన్షన్ ఏముంది?" అంటారు. 1993 సెప్టెంబరు 30న భూకంపం వచ్చిన మహారాష్ట్ర లాతూరు జిల్లా కిల్లారి అప్పటి పటంలో అన్నిటికంటే తక్కువ ముప్పున్న జోన్ 1లోనే ఉంది. దాదాపు 10 వేల మంది చనిపోయారు. 2002లో జోన్ 1ను ఎత్తేసి జోన్ 2లో కలిపారు. నిజమే, అక్కడ కూలినవి ఎక్కువగా మట్టితో కట్టిన రాతి ఇళ్లు. అయినా పటంలో రంగు చూసి ధీమాగా ఉండలేం.

భూమి కదిలితే పైల్ రెండు చోట్ల నలుగుతుంది. పైన భవనం ఊగే తోపుడు పైల్ తల మీద, అంటే పైళ్ల మీద పోసే కాంక్రీటు దిమ్మె (క్యాప్)తో కలిసే చోట పడుతుంది. కింద మెత్తటి పొర ఎక్కువగా, గట్టి పొర తక్కువగా కదిలితే ఆ రెండూ కలిసే చోటా పైల్ వంగుతుంది. నిలువు బరువును హాయిగా మోసే పైల్ కూడా అక్కడ విరగొచ్చు. తుంగభద్ర, హంద్రీ ఒడ్డున నీరు నిండిన వదులు ఇసుక ఉంటే అది వేరే సమస్య. 2001 భుజ్ భూకంపంలో కాండ్లా రేవు దగ్గర పైళ్ల మీద నిలిపిన టవరే, కింది ఇసుక పట్టు తప్పడంతో ఒరిగింది.

కుదుపును తట్టుకునేలా కడ్డీలు కట్టే పద్ధతి చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 13920 జోన్ 3 నుంచే తప్పనిసరి, జోన్ 2లో ఐచ్ఛికం. నాకు ఇది సరిగ్గా అనిపించదు. మెత్తటి నేలలో పైళ్ల మీద కట్టే అపార్ట్‌మెంట్లకైనా దాన్ని పాటించాలి. పైల్ తల దగ్గర నిలువు కడ్డీల చుట్టూ రింగులు దగ్గరదగ్గరగా కట్టాలి. పైల్ పైభాగంలోని నాసిరకం కాంక్రీటు చెక్కేశాక కడ్డీలు క్యాప్‌లోకి చాలినంత పొడవు దిగాలి. అవి పొట్టిగా మిగిలితే తల పట్టు అక్కడే పోతుంది, కాంక్రీటు పోశాక ఎవరికీ కనబడదు. మొత్తం ఖర్చులో దీని వాటా చిన్నదే.

పక్క ప్లాట్ సాయిల్ రిపోర్టు పనికిరాదు. అదే స్థలంలో బోరు వేసి తీసిన రిపోర్టు, పైల్ తల డ్రాయింగు చూశాకే మున్సిపాలిటీ అనుమతివ్వాలి. ఫ్లాట్ కొనేవాళ్లు కూడా ఆ రెండు కాగితాలూ అడిగి తీసుకోవాలి.