బోల్డ్ ఇటాలిక్ అన్నకు బహిరంగ లేఖ

బోల్డ్ ఇటాలిక్ అన్నా, నమస్తే.

నల్లగొండ గడియారం సెంటర్‌లో నిలబడి ఏ దిక్కు చూసినా లావుగా, కుడికి వాలిన అక్షరాలే, అంటే నువ్వే. లీడర్ పుట్టినరోజు ఫ్లెక్సీ నీదే, బోరుబావుల ప్రకటన నీదే, ఇంటర్‌లో మార్కులు కొట్టిన పిల్లల పేర్ల మీదా నువ్వే. అక్కడిదాకా ఓర్చుకున్నాం. మొన్న ఒక పెద్దాయన దశదినకర్మ ఫ్లెక్సీ మీద కూడా దిగావు. 'అశ్రునివాళి' అని ఎర్రటి అక్షరాలు, చుట్టూ తెల్ల అంచు, వెనక నల్ల నీడ, అన్నీ కుడివైపు వాలి ఒకటే ఉరుకుడు. పోయినాయన జీవితంలో ఎన్నడూ తొందరపడ్డ మనిషి కాదు. ఆయన నివాళికేమో దేవరకొండ బస్సు వెళ్లిపోతుందన్నంత టెన్షన్.

మీ వంశంలో ఈ దూకుడు మొదట్నుంచీ లేదు. వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ అనే ప్రచురణకర్త కోసం ఫ్రాన్సెస్కో గ్రిఫో వాలు అక్షరాలు చెక్కాడు. 1501లో రోమన్ కవి వర్జిల్ కావ్యాలు ఆ అక్షరాల్లోనే, చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా వచ్చాయి. చేతిరాత పోలిక, పొదుపైన ఒళ్లు. క్యాపిటల్ అక్షరాలైతే అప్పట్లో నిటారుగానే నిలబడ్డాయి. లావు సంగతి వేరు. అది 19వ శతాబ్దం మొదట్లో లండన్ లాటరీ పోస్టర్ల మీద పెరిగిన కండ. అంటే నీ నడక పండితులది, ఒళ్లు లాటరీవాళ్లది. మా జిల్లాకు వచ్చేసరికి లాటరీవాళ్ల బుద్ధి ఒక్కటే మిగిలింది.

సరే, అక్కడ ఎవరో ఒకరు కూర్చుని నిన్ను అక్షరం అక్షరంగా గీశారు. మా ఫ్లెక్సీ షాపులో నిన్నెవరు గీశారు? నిటారుగా ఉన్న తెలుగు అక్షరాన్ని కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పట్టుకుని పక్కకు నూకుతారు, అంతే. నూకినప్పుడు అక్షరాలు కూర్చునే గీతకు పైనున్నది కుడికి పోతుంది, కిందున్నది ఎడమకు పోతుంది. ఇంగ్లిష్‌కు కింద వేలాడేవి తక్కువ కాబట్టి బతికిపోయింది. మాకు కింద ఒత్తుల కాపురమే ఉంది. 'నల్లగొండ' అని కొట్టి నూకి చూడు, 'ల' కింది ఒత్తు జరిగి జరిగి 'న' వాకిట్లోకి పోతుంది. తలకట్టు అసలే కుడికి లేచి ఉంటుంది, ఇంకా వంగి పక్క అక్షరాన్ని పొడుస్తుంది.

దాని మీద నీ లావు. ద, ధ, థలకు తేడా అంతా కింద ఒక చిన్న గీత, లోపల ఒక చుక్క. నీ ఒంటి కింద అవి రెండూ నలిగిపోతాయి. జాతర ఫ్లెక్సీ మీద 'రథోత్సవం' దూరం నుంచి 'రదోత్సవం' అయింది. సంస్కృతంలో 'రదం' అంటే పన్ను, అది తెలిసినవాళ్లు దేవుడికి పళ్ల డాక్టరు ఎందుకో అనుకోవాలి.

ఫ్లెక్సీ రాకముందు గోడల మీద పెయింటర్లు కూడా అక్షరాలు వాల్చేవాళ్లు. సుద్ద దారం కొట్టి, కుంచెతో వాల్చేవాళ్లు. ఒత్తు ఎక్కడ పడాలో, చుక్కకు ఎంత జాగా వదలాలో ఆ చేతికి తెలుసు. నా లెక్కలో తెలుగుకు అసలైన ఇటాలిక్ అదే. వాళ్ల పని ఊడగొట్టి వాళ్ల సీట్లో కూర్చున్నావు, కనీసం పని నేర్చుకుని కూర్చోవాల్సింది.

ఇదే నల్లగొండ నుంచి 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు 'నీలగిరి' పత్రిక తెచ్చారు. నిజాం రాజ్యంలో తెలుగు పత్రిక నడపడమే పెద్ద తెగింపు. సీసం అక్షరాల రోజులవి. వాలు అక్షరం కావాలంటే దానికి వేరే అచ్చులు పోత పోయించాలి, మౌస్‌తో వంచితే వంగేది కాదు. అంతా సులువైపోయాకే ఈ లొల్లి.

నీ నీడ గురించి కూడా ఒక మాట. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పడే స్తంభం నీడ పొద్దంతా ఒక్కచోటే ఉంటుంది, దాన్ని చూడ్డానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నీ ఫ్లెక్సీలో పేరు నీడ కుడికి, ఊరి నీడ ఎడమకు, ఫోన్ నంబరు నీడ పైకి. సూర్యుళ్లు ఎంతమందో నువ్వే చెప్పాలి.

తప్పంతా నీదే అనను. షాపులో నా ముందున్నాయన "తమ్మీ, అక్షరాలు జర ఉరకాలె" అన్నాడు. ఆయన చేయించుకునేది గృహప్రవేశం ఫ్లెక్సీ. "ఇల్లు ఉరుకుతదా అన్నా?" అని షాపు పిల్లోడు అడగలేదు. అడిగితే గిరాకీ పోతుంది.

నీకు తగిన చోట్లు లేకపోలేదు. ఊళ్లో కబడ్డీ పోటీలు పెడితే పోస్టర్ మీద ఒక్క మాటకు నువ్వే ఉండాలి. అక్కడ 'కబడ్డీ' అని నిటారుగా రాస్తే సహకార సంఘం బోర్డులా ఉంటుంది. పార్సిల్ లారీ పేరుకు రా, సైకిల్ పోటీకి రా. ఒక్కటో రెండో మాటలు, పెద్ద సైజు, చుట్టూ ఖాళీ జాగా, నీకు కావలసింది అంతే. కింద తేదీ, స్థలం, సంప్రదించాల్సిన నంబరు మామూలు అక్షరాలకు వదిలెయ్. దావత్ పిలుపులకు, సంతాపాలకు, మందుల షాపు బోర్డులకు మాత్రం దయచేసి రాకు.

వచ్చే వారం మా గల్లీలో కబడ్డీ ఫ్లెక్సీ కట్టిస్తున్నాం. దానికి నువ్వే రావాలి. వచ్చేటప్పుడు ఒత్తుల్ని దారిలో వదిలేయకుండా వెంట తెచ్చుకో.

ఇట్లు,
మెడ కుడివైపుకు పట్టేసిన నల్లగొండ పాఠకుడు