నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను

మన సంఘం మొన్నటి వార్షిక సభల్లో పిల్లల వాదోపవాదాల పోటీ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ‘వర్తకం యుద్ధాల్ని ఆపుతుందా?’ అన్నది అంశం. ఆపుతుందంటున్న పదిహేనేళ్ల అమ్మాయి ఫ్రాన్సు, జర్మనీల దగ్గరికి వచ్చేసరికి వెనక వరసలోంచి ఎవరో "అవన్నీ పుస్తకాల్లోనేనమ్మా!" అని అరిచారు. హాలంతా గొల్లుమంది. ఆ పిల్ల చేతిలో కార్డులు తారుమారయ్యాయి. సర్దుకునేలోగా గంట కొట్టేశారు.

నేనూ నవ్వాను. తిరుగు ప్రయాణంలో ఆ అమ్మాయి మా కార్లోనే ఉంది. చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, "నవ్వితే నవ్వారు, నేను చెప్పినదాంట్లో తప్పేంటో చెప్పండంకుల్" అంది.

నాకు తెలిసిన ఎదురు వాదం ఒక్కటే. 1914కి ముందు రష్యాకు అందరికంటే పెద్ద వర్తక భాగస్వామి జర్మనీ. ఆ ఏడాది ఆగస్టు 1న జర్మనీ ఆ రష్యా మీదే యుద్ధం ప్రకటించింది. "అందుకే కదా, 1951లో ఫ్రాన్సు, జర్మనీలు ఒట్టి వర్తకంతో సరిపెట్టుకోలేదు" అంది వెంటనే. సరిగ్గా ఆ ముక్క దగ్గరే మేం నవ్వింది.

ఫిరంగులకు కావలసినవి బొగ్గు, ఉక్కు. 1951 ఒప్పందంతో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీలతో సహా ఆరు దేశాలు ఆ రెంటినీ ఒక ఉమ్మడి సంస్థ చేతిలో పెట్టాయి. తగాదాలు తీర్చడానికి కోర్టూ పెట్టుకున్నాయి. పక్కవాడి కొలిమిలో ఏం కాగుతోందో ఊహించుకుని భయపడాల్సిన పని తప్పింది.

వర్తకం అంతంతమాత్రమైన చోట? 1960 నాటి సింధు జలాల ఒప్పందం ప్రకారం కాలువల కోసం పాకిస్తాన్‌కు ఇవ్వాల్సిన వాయిదాను, 1965లో యుద్ధం జరిగిన ఏడు కూడా భారత్ కట్టింది. పహల్గాం దాడి తర్వాత, 2025 ఏప్రిల్‌లో, ఆ ఒప్పందాన్నే పక్కన పెట్టింది. ఏ కాగితమూ తుపాకీకి అడ్డు నిలవదు, ఒప్పుకుంటాను. కానీ అందులో, నదుల వ్యవహారం చూసే ఇరుపక్షాల కమిషనర్లు ఏటా ఒకసారైనా ఎదురెదురుగా కూర్చోవాలన్న నియమం ఉందే, నాకు దానిమీదే గురి.

మన సంఘం నిబంధనల్లోనూ మధ్యవర్తుల కమిటీ అని ఒకటుంది. రెండు ముక్కలయ్యాం కదా, అది ఒక్కసారైనా కూర్చుందా? పిల్లల్ని చూసి నవ్వడానికి మాత్రం రెండు వర్గాలూ ఒకే హాల్లో చక్కగా కలిశాం.

కార్యవర్గానికి, రెండు కార్యవర్గాలకూ, ఒకటే మనవి. వచ్చే సభల్లో మళ్లీ ఇదే అంశం పెట్టండి. వెనక వరస పెద్దమనిషికీ మైకివ్వండి. గంట మాత్రం ఆ అమ్మాయి చేతికివ్వండి.