జెండా స్తంభం దగ్గర కలిసినవారు క్లబ్బు గదిలో ఎందుకు విడిపోతున్నారు?

అమెరికాలోని అనేక ప్రభుత్వ పాఠశాలల్లో ఏటా సెప్టెంబరు నాలుగో బుధవారం ఉదయం, మొదటి గంట మోగకముందే, క్రైస్తవ విద్యార్థులు జెండా స్తంభం చుట్టూ చేరి ప్రార్థిస్తారు. 1990లో టెక్సాస్ రాష్ట్రంలోని బర్ల్‌సన్‌లో కొందరు పిల్లలు మొదలుపెట్టిన ఈ ఆనవాయితీకి ‘సీ యూ ఎట్ ద పోల్’ అని పేరు. బాప్టిస్టు ఇంటి పిల్లలు, పెంతెకోస్తు ఇంటి పిల్లలు ఆ ఉదయం ఒకే వలయంలో నిలబడతారు. వారిని పోగుచేసిన ఘనత ఏ సంస్థదన్న ప్రశ్న అక్కడ పెద్దగా తలెత్తదు. ఆ కలివిడితనం మిగతా విద్యాసంవత్సరంలో అంతగా కనిపించకపోవడమే ఆలోచించవలసిన విషయం.

క్రైస్తవ యువజన సంస్థలైన మూడింటిని చూడండి: 1941లో జిమ్ రేబర్న్ స్థాపించిన యంగ్ లైఫ్, 1940ల మధ్యలో రూపుదిద్దుకుని తర్వాత ప్రఖ్యాత సువార్తికుడైన బిల్లీ గ్రాహంను తొలి పూర్తికాల సేవకుడిగా (మతసేవ చేసే ఉద్యోగిగా) నియమించుకున్న యూత్ ఫర్ క్రైస్ట్, 1954లో బాస్కెట్‌బాల్ కోచ్ డాన్ మెక్‌క్లానెన్ ప్రారంభించిన క్రైస్తవ క్రీడాకారుల సహవాసం (ఎఫ్‌సీఏ) ఒకే హైస్కూలు పిల్లల మధ్య పనిచేస్తూ ఉండటం అక్కడ వింతేమీ కాదు. వీటి పద్ధతులు వేరు. యంగ్ లైఫ్ కూడికలు ఎక్కువగా సాయంత్రం వేళ బడి బయట జరుగుతాయి, ఎఫ్‌సీఏ బృందాలు బడిలోనే, ఆటగాళ్ల చుట్టూ అల్లుకుంటాయి. కాబట్టి పోటీ తప్పనిసరి కాదు. అది వచ్చేది ప్రధానంగా ఆర్థిక ఏర్పాటు నుంచి. క్షేత్రంలో పనిచేసే సేవకుల్లో చాలామంది తమ జీతానికి కావలసిన విరాళాలను తామే సమకూర్చుకోవాలి, దాతలకు రాసే ఉత్తరంలో ‘మా క్లబ్బుకు ఇంతమంది వచ్చారు’ అని చెప్పుకోగలగాలి. ఒకే అమ్మాయి ఒక రోజు ఒకరి లెక్కలోనూ, మరో రోజు ఇంకొకరి లెక్కలోనూ చేరితే ఎవరూ అబద్ధమాడినట్టు కాదు గానీ, ఆ ఇద్దరూ కలిసి ఒకే నివేదిక రాయడానికి మాత్రం వెనకాడతారు. సిద్ధాంత భేదాల గురించి ఎంత చెప్పుకున్నా, అసలు ముడి ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

విచిత్రమేమిటంటే, ఈ క్లబ్బులకు బడిలో చోటు కల్పించిన చట్టం ఏ సంస్థకూ యాజమాన్యం ఇవ్వలేదు. 1984 నాటి సమాన ప్రవేశ చట్టం ప్రకారం, ప్రభుత్వ హైస్కూలు పాఠ్యాంశాలతో సంబంధం లేని ఒక్క విద్యార్థి క్లబ్బునైనా అనుమతించి, కేంద్ర నిధులు పొందుతుంటే, మతపరమైనదన్న కారణంతో మరో క్లబ్బును నిరాకరించకూడదు. అయితే ఆ క్లబ్బును విద్యార్థులే తమంతట తాము ప్రారంభించాలి. బయటివారు దాన్ని నడపకూడదు, నియంత్రించకూడదు, క్రమం తప్పకుండా హాజరు కాకూడదు. ఉపాధ్యాయులు సైతం అక్కడ ఉండవచ్చు గానీ పాల్గొనరాదు. నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలోని వెస్ట్‌సైడ్ హైస్కూలులో క్రైస్తవ క్లబ్బు కావాలని అడిగి భంగపడ్డ బ్రిజెట్ మెర్జెన్స్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1990లో 8-1 మెజారిటీతో ఈ చట్టాన్ని సమర్థించింది. అంటే హక్కు విద్యార్థినిది. బయటి సేవకుడు ఎంత అనుభవజ్ఞుడైనా అతిథే. అతిథులు తమలో తాము ఇల్లు పంచుకోవడం ఎలా కుదురుతుంది?

కానీ సహకారం అనగానే పెద్దలకు ముందుగా తోచేది పంపకమే: ఈ బడి మీకు, ఆ బడి మాకు. ఈ పద్ధతి ఫలితం ఎలా ఉంటుందో తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. మిషనరీ సంఘాలు పరస్పర మర్యాద పేరిట ప్రాంతాలు పంచుకున్నందువల్ల గుంటూరు ప్రధానంగా అమెరికన్ లూథరన్లకు, నెల్లూరు అమెరికన్ బాప్టిస్టులకు, కాకినాడ కెనడియన్ బాప్టిస్టులకు, కడప లండన్ మిషనరీ సొసైటీకి క్షేత్రాలయ్యాయి. కయ్యాలు తగ్గిన మాట నిజమే. అయితే ఒక కుటుంబం ఏ సంఘానికి చెందాలో విశ్వాసం కన్నా ముందు నివాసం తేల్చింది, ఆ గీతలు తరాల తరబడి చెరగలేదు. 1947లో పలు ప్రొటెస్టంట్ సంఘాలు కలిసి దక్షిణ భారత సంఘం (సీఎస్‌ఐ)గా ఏర్పడినప్పుడు కూడా తెలుగునాట లూథరన్, బాప్టిస్టు సంఘాలు దాని బయటే ఉండిపోయాయి. బడులను పంచుకునే ఒప్పందం అదే పని చేస్తుంది, అదీ చట్టం పిల్లలకిచ్చిన ఎంపికను వారి చేతుల్లోంచి తీసుకుని.

అలాగని అన్నీ ఒకే గొడుగు కిందికి రావాలనడం కూడా సరికాదు. నాయకత్వానికి ఏ విశ్వాస ప్రమాణం అవసరమన్నదానిపై సంస్థల మధ్య నిజమైన తేడాలున్నాయి. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఎఫ్‌సీఏ క్లబ్బుల గుర్తింపు రద్దు వివాదం ఈ షరతుల మీదే నడిచి, 2023లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు సంస్థ పక్షాన నిలిచింది. క్యాథలిక్ విద్యార్థిని నాయకురాలు కావచ్చా అన్న ప్రశ్నకు అన్ని సంస్థలూ ఒకే జవాబు చెప్పవు, చెప్పనవసరం లేదు.

కలిసి చేయవలసిన పని ఇంతకన్నా చిన్నది, కష్టమైనది. అమెరికాలో హైస్కూలు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా, నాలుగేళ్లే. క్లబ్బును భుజాన మోసిన విద్యార్థి చదువు ముగించుకుని వెళ్లిపోతే తరువాత ఎవరన్న ప్రశ్నకు జవాబు లేక అది చెదిరిపోతుంది, బయటి సేవకుడు వచ్చి నడిపే వీలు చట్టంలోనే లేదు. అందువల్ల ఊళ్లోని సేవకులంతా కలిసి బడి బయట, ఏ చర్చి హాలులోనో, పదో తరగతి పిల్లలకు కూడిక నడపడం, ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు పెట్టడం, భిన్నాభిప్రాయం ఉన్నవారితో మర్యాదగా మాట్లాడటం నేర్పాలి. అలా తయారైన విద్యార్థి తన క్లబ్బుకు ఏ సంస్థ పేరు పెట్టుకున్నా, అసలు ఏ పేరూ పెట్టుకోకపోయినా, ఆ శిక్షణ ఖర్చును అన్ని సంస్థలూ సమానంగా భరించడానికి ముందుగానే ఒప్పుకోవాలి.